తూము తెరుచుకోనప్పుడు: మూత్రపు పైపు గురించి కొన్ని మాటలు

(మంచానికి పరిమితమైనవారిని, వెన్నుపాము దెబ్బతిన్నవారిని ఇంట్లో చూసుకునే కుటుంబసభ్యుల కోసం హనుమకొండలో జరిగిన సమావేశంలో ఒక విశ్రాంత నర్సింగ్ అధ్యాపకురాలు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

సభకు నమస్కారం.

ఈ కార్యక్రమానికి కరపత్రం వేసినవారు "మూత్రకోశ ఆరోగ్యం" అని మర్యాదగా పేరు పెట్టారు. కానీ మీరు వచ్చిన పని వేరని నాకు తెలుసు. మీలో చాలామంది ఇళ్లలో మంచం పక్కన, మూత్రాశయంలోకి వేసిన పైపు నుంచి మూత్రం దిగే సంచి ఒకటి వేలాడుతోంది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం మీద "నెలకొకసారి పైపు మార్చాలి" అని ఒక్క ముక్క రాసి ఉంటుంది. ఆ పైపు ఎందుకు వేశారు, ఎన్నాళ్లు ఉండాలి, ఎవరు మార్చాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఆ కాగితంలో ఉండదు. 30 ఏళ్లకు పైగా నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పినదాన్ని కనుక, ఆ కాగితం అలా రాయడంలో నా వంటివారి వాటా కూడా ఉందని ఒప్పుకుని మొదలుపెడతాను. పైపు ఎలా వేయాలో మేము బాగానే నేర్పాము. ఎప్పుడు తీసేయాలో మాత్రం అంత శ్రద్ధగా నేర్పలేదు.

మన ఇళ్లలో ఈ విషయాన్ని సూటిగా మాట్లాడరు. "ఒంటికి పోయిండు" అంటారు, "బయటికి పోయిండు" అంటారు, కోడలు మామగారి గురించి చెప్పవలసి వస్తే ఆ మాత్రం కూడా అనదు. ఈ గంటసేపు నేను మూత్రం అనే మాటనే వాడతాను, మీరూ అదే మాటతో ప్రశ్నలు అడగండి.

మూత్రాశయం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి మన ప్రాంతంలో వేరే ఉపమానం వెతుక్కోవలసిన అవసరం లేదు. పాఖాల, రామప్ప, లక్నవరం చెరువుల నీడలో పెరిగినవాళ్లం మనం. చెరువుకు ఎగువ నుంచి నీళ్లు తెచ్చే కాలువలు ఉంటాయి, కట్ట ఉంటుంది, కావలసినప్పుడు తెరిచి అక్కర లేనప్పుడు మూసే తూము ఉంటుంది. మూత్రపిండాల నుంచి రెండు సన్నని నాళాలు రోజుకు సుమారు ఒకటిన్నర నుంచి రెండు లీటర్ల మూత్రాన్ని కిందికి తెస్తాయి. మూత్రాశయపు కండరం ఆ నీటికి చోటిస్తూ మెత్తగా సాగుతుంది, తూము వంటి బిగింపు కండరం మూసుకుని ఉంటుంది. సగం నిండేసరికి కబురు మెదడుకు చేరుతుంది, 400 నుంచి 500 మిల్లీలీటర్ల దగ్గర ఇక ఆపుకోవడం కష్టమవుతుంది. చోటు దొరికి కూర్చున్నాక మెదడు అనుమతిస్తే తూము వదులవుతుంది, సరిగ్గా అదే క్షణంలో మూత్రాశయం ముడుచుకుంటుంది. ఈ రెండు పనులూ జోడెడ్ల మాదిరిగా కలిసి సాగాలి. వాటిని కలిపి నడిపించే నాడులు వెన్నుపాము అడుగుభాగం నుంచి, అంటే నడుము అడుగున ఉండే త్రికాస్థి ప్రాంతంలోని రెండవ, మూడవ, నాలుగవ నాడుల ద్వారా వస్తాయి. కనుక వెన్నులో ఎక్కడ దెబ్బ తగిలినా ఆ జోడు చెదురుతుంది.

ఇక్కడ ఆ దెబ్బ ఎలా తగులుతుందో మీకు చెప్పనక్కర లేదు. తాటిచెట్టు మీద నుంచి మోకు జారి పడిన గీత కార్మికులు జనగామ నుంచి, పరకాల నుంచి, హుజూరాబాద్ నుంచి వస్తూనే ఉన్నారు. ప్రభుత్వం 2024లో గీత కార్మికులు కొలిచే కాటమయ్య పేరిట రక్షణ పరికరాలు ఇవ్వడం మొదలుపెట్టడానికి కారణం ఆ పడిపోవడాలే. భూపాలపల్లిలో, గోదావరిఖనిలో బొగ్గుబావుల పైకప్పు కూలి నడుము విరిగినవారు ఉన్నారు. రోడ్డు ప్రమాదాల సంగతి సరేసరి. ఇవి గాక ఏళ్ల తరబడి అదుపు లేని షుగరు నాడులను నెమ్మదిగా మొద్దుబార్చి మూత్రాశయాన్ని బలహీనపరుస్తుంది, పక్షవాతం ఒకవైపు, వయసు మీరిన మగవారిలో ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి దారిని నొక్కడం మరొకవైపు. పుట్టుకతోనే వెన్ను సరిగా మూసుకోని పిల్లలు ఉంటారు. వారి గురించి ఒక్క మాట, ఆ పిల్లలలో చాలామందికి రబ్బరు లేటెక్స్ పడదు, వారికి వాడే పైపూ చేతి తొడుగులూ లేటెక్స్ లేనివే అయి ఉండాలి.

చెరువు ఉపమానం నేను ఊరికే తేలేదు. పరకాల దగ్గరి ఒక ఊరి నుంచి ఒక పెద్దాయనను కొడుకులు తీసుకువచ్చారు. "బాపుకు ఒంటేలు నిలుస్తలేదు, ఎప్పుడూ కారుతనే ఉంటది" అన్నారు. ఎనిమిది నెలలుగా డైపర్లు వాడుతున్నారు, పక్క తడుస్తోందని మంచినీళ్లు కూడా తగ్గించారు. పొట్ట మీద చెయ్యి వేసి చూస్తే బొడ్డు దాకా గట్టిగా ఉంది. చెరువు ఖాళీ కాలేదు, నిండిపోయి మత్తడి, అంటే అలుగు, దుంకుతోంది. తూము తెరుచుకోనందువల్ల పైనుంచి పొర్లే చుక్కలను చూసి వారు మూత్రం నిలవడం లేదనుకున్నారు. మత్తడి కూడా సరిపోనప్పుడు నీళ్లు శిఖం దాటి ఎగువ పొలాలను ముంచినట్టు, మూత్రాశయంలో పెరిగిన ఒత్తిడి వెనక్కి తన్ని మూత్రపిండాలను ఉబ్బిస్తుంది. మూత్రపిండాల పని తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఆ పెద్దాయనకు అప్పటికే పెరిగింది. పైపు వేసి ఖాళీ చేశాక కొన్ని వారాలలో చాలావరకు తగ్గింది. అందరికీ అలా తగ్గదు.

కనుక ఎవరైనా "మూత్రం కారుతోంది" అంటే మొదట చేయవలసిన పని డైపరు కొనడం కాదు. మూత్రం పోసిన వెంటనే పొట్టకు అల్ట్రాసౌండ్ తీయించి లోపల ఎంత మిగిలిందో చూడాలి. మామూలుగా మిగిలేది చాలా కొద్ది. 300 మిల్లీలీటర్లకు మించి ఎప్పుడూ మిగులుతూ ఉంటే అది దీర్ఘకాలికంగా నిలవ ఉండిపోవడం. నొప్పి ఉండదు కనుకనే అది మోసం చేస్తుంది. ఒక్కసారిగా మూత్రం బిగుసుకుపోయినవాడు విలవిలలాడి అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి పరుగెత్తుతాడు. నెమ్మదిగా నిండినవాడికి ఆ బాధ తెలియదు.

ఆ అర్ధరాత్రి వచ్చినవాడి సంగతి కూడా చెప్పాలి. ప్రోస్టేట్ వల్ల హఠాత్తుగా బిగుసుకుపోతే పైపు వేసి ఖాళీ చేస్తారు, అది ప్రాణం లేచివచ్చే ఉపశమనం. అయితే ఆ పైపు అక్కడితో ఉండిపోకూడదు. ప్రోస్టేట్ దగ్గరి బిగింపును సడలించే టాంసులోసిన్ వంటి మందు మొదలుపెట్టి, రెండు మూడు రోజుల తరువాత పైపు తీసి తనంతట తాను పోయగలుగుతున్నాడేమో చూడాలి. చాలామంది పోయగలుగుతారు. పోయలేనివారికి ప్రోస్టేట్‌కు శస్త్రచికిత్స సంగతి ఆలోచించాలి. ఈ పరీక్ష ఎవరూ చేయనందువల్ల, తరువాత ఎప్పుడు రావాలో ఎవరూ చెప్పనందువల్ల, అక్కర లేని పైపుతో ఏడాది గడిపినవారిని నేను చూశాను. నెలనెలా ఊళ్లో ఎవరో ఒకరు పాతది తీసి కొత్తది వేస్తున్నారు, ఎందుకు అని మాత్రం అడిగినవారు లేరు.

ఇక పైపు నిజంగా అవసరమైనవారి విషయానికి వస్తాను. పైపు అనగానే మనకు లోపలే ఉండిపోయే పైపు, దానికి తగిలించిన సంచి గుర్తుకు వస్తాయి. కానీ నరాల దెబ్బ వల్ల మూత్రాశయం ఖాళీ కానివారికి, చేతులు పనిచేస్తుంటే, మొదట ఆలోచించవలసింది వేరే పద్ధతి. ఒక సన్నని, మెత్తని పైపును రోజుకు నాలుగు నుంచి ఆరు సార్లు తామే లోపలికి పంపి, మూత్రాన్ని పూర్తిగా దింపి, వెంటనే తీసివేయడం. లోపల ఏదీ మిగలదు, సంచి ఉండదు, పైపు జారకుండా లోపల ఉబ్బించే బెలూన్ ఉండదు. ఆసుపత్రి కాగితాలలో దీనిని సీఐసీ అని రాస్తారు. విరామాలతో, శుభ్రంగా పైపు వేసుకోవడమని దాని అర్థం.

ఈ మాట చెప్పగానే ఎదుటివారి ముఖం మారుతుంది. "నా చేత్తో నేనా?" అంటారు. ఆ భయం ఈనాటిది కాదు కనుక కొంచెం చరిత్ర చెప్పనివ్వండి. పైపుతో మూత్రం తీయడం చాలా పాత విద్య. సుశ్రుత సంహితలో గొట్టపు ఆకారపు నాడీ యంత్రాల వర్గమే ఒకటి ఉంది. మెరుపుల మీద ప్రయోగాలు చేసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1752లో మూత్రాశయపు రాళ్లతో బాధపడుతున్న తన అన్న కోసం వంగే వెండి పైపును తయారు చేయించాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలం దాకా వెన్ను విరిగిన సైనికులు గాయంతో కంటే ఆ తరువాత మూత్రపు చీముతో, మూత్రపిండాలు చెడిపోయి ఎక్కువగా చనిపోయేవారు. ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో 1944లో వెన్నుపాము విభాగాన్ని ప్రారంభించిన లుడ్విగ్ గుట్‌మన్, పైపును లోపల వదిలివేయకుండా ఎప్పటికప్పుడు వేసి తీసే పద్ధతిని పట్టుబట్టి అమలు చేశాడు. 1948లో అతను మొదలుపెట్టిన పోటీలే తరువాత పారాలింపిక్స్ అయ్యాయి. అయితే అతని పద్ధతిలో శస్త్రచికిత్సకు పాటించినంత క్రిమిరహిత నియమం ఉండేది, దానిని ఇంట్లో చేయడం ఎవరికీ సాధ్యం కాదు. 1972లో మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాక్ లాపిడెస్ ఆ గోడను కూల్చాడు. సాగిపోయి, రక్తప్రసరణ తగ్గిన మూత్రాశయంలోనే క్రిములు పట్టు సాధిస్తాయని, వేళకు ఖాళీ అయ్యే మూత్రాశయం కొద్దిపాటి క్రిములను తానే ఎదుర్కోగలదని అతని వాదన. సబ్బుతో కడిగిన చేతులు, శుభ్రమైన పైపు చాలు, వేళ తప్పకపోవడం ముఖ్యం అన్నాడు. మొదట నమ్మనివారు ఉన్నారు. ఇప్పుడు ప్రపంచమంతటా అదే పాఠం.

మన దగ్గర ఆ పాఠం ఎలా సాగుతుందో ఒకరి కథ చెబుతాను. జనగామ వైపు నుంచి వచ్చిన ఒక గీత కార్మికుడు, 34 ఏళ్లవాడు, చెట్టు మీద నుంచి పడి నడుము కింది భాగం పోయింది, చేతులకు ఏమీ కాలేదు. మొదటి రోజు పైపు చూసి తల తిప్పుకున్నాడు. రెండవ రోజు తన భార్యకు నేర్పమన్నాడు. నేను ఒప్పుకోలేదు. భార్యకు కూడా నేర్పుతాను, కానీ మొదట నువ్వే నేర్చుకోవాలి, లేకపోతే ఆమె పుట్టింటికి ఒక పూట వెళ్లిరావడానికి కూడా నీ అనుమతి కావలసి వస్తుంది అన్నాను. కొంచెం కటువుగానే అన్నాను. "యాభై అడుగుల చెట్టు ఎక్కినోన్ని, గీ జానెడు పైపుకు భయపడుడేంది" అని తనే నవ్వి నాలుగవ రోజుకు నేర్చుకున్నాడు. గడియారం చూసుకునే అలవాటు లేనివాడు కనుక తన రోజును తనే కొలిచాడు: తెల్లవారి చాయ్ తాగే ముందు, పొద్దెక్కి తినేటప్పుడు, మధ్యాహ్నం ఎండ వాకిట్లోంచి మళ్లినప్పుడు, దీపాల వేళ, పడుకునే ముందు. నాలుగు గంటల నుంచి ఆరు గంటలకు ఒకసారి, ఏ సారీ 500 మిల్లీలీటర్లకు మించి దిగకుండా ఉంటే లెక్క సరిపోయినట్టే. ఎక్కువ దిగుతుంటే మరొక వేళ కలుపుకోవాలి. మూత్రం కొలవడానికి అతను గీతలు గీసిన ప్లాస్టిక్ చెంబు వాడేవాడు.

మగవారి మూత్రనాళం సుమారు 18 నుంచి 20 సెంటీమీటర్లు ఉంటుంది, ఆడవారిది నాలుగు. కనుక స్త్రీలకు పైపు దూరం తక్కువ, కానీ రంధ్రం కంటికి కనిపించదు. మొదట్లో అద్దం పెట్టుకుని నేర్చుకుంటారు, తరువాత వేలి స్పర్శతోనే చేసుకుంటారు. స్త్రీలకు అసలు కష్టం పద్ధతిలో లేదు, చోటులో ఉంది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలతో వచ్చిన రైతు భార్య పగలంతా చేతులు కడుక్కునే చోటు, తలుపు గడియ పడే చోటు వెతుక్కోవాలి. అది దొరకదన్న భయంతో నీళ్లు తాగడం మానేస్తారు. దీనికి నా దగ్గర మందు లేదు. ఒక పూట పని మీద బయలుదేరేటప్పుడు ఒక సీసా నీళ్లు, సబ్బు ముక్క, శుభ్రమైన గుడ్డ, రెండు పైపులు ఒక చిన్న సంచిలో పెట్టుకోమని మాత్రం చెబుతాను.

ఒకసారి వాడిన పైపును పారవేయాలని తయారీదారులు రాస్తారు, అదే ఉత్తమం. రోజుకు ఐదు పైపులు కొనగల ఇళ్లు మనలో ఎన్ని? కనుక తిరిగి వాడేవారు వాడిన వెంటనే సబ్బునీళ్లతో లోపలా బయటా కడిగి, లోపలి నీరు దులిపి, పూర్తిగా ఆరనిచ్చి, మూత ఉన్న పొడి డబ్బాలో దాచాలి. తడి ఉన్నచోటే క్రిమి పెరుగుతుంది. గరుకుగా మారినా, రంగు మారినా, గట్టిపడినా పారవేయాలి. డాక్టరుతో మాట్లాడి ఎన్ని రోజులు వాడవచ్చో మీ పైపు రకాన్ని బట్టి నిర్ణయించుకోండి.

చేతులు పనిచేయనివారికి, వేసేందుకు మనిషి లేనివారికి, మూత్రనాళం ఇరుకై పైపు మాటిమాటికీ పోనివారికి, చివరి దశలో కదిపితేనే బాధపడేవారికి, లోపలే ఉండే పైపు తప్పదు. దీనికి ఫోలీ అనే పేరు అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ ఫోలీ వల్ల వచ్చింది. 1930లలో అతను కొనలో చిన్న బెలూన్ ఉన్న రబ్బరు పైపును వాడుకలోకి తెచ్చాడు. లోపలికి వెళ్లాక బెలూన్‌ను నీటితో నింపితే పైపు జారదు. ఇంతకుమించి దానిలో మాయ లేదు.

పైపు మీద ఒక అంకె ఉంటుంది. దానిని ఫ్రెంచ్ కొలత అంటారు, మూడు అంకెలు ఒక మిల్లీమీటరు వెడల్పుకు సమానం. 14 అంటే నాలుగున్నర మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువ. పైపు చివరి రంగు చూసినా తెలుస్తుంది: తెలుపు 12, ఆకుపచ్చ 14, నారింజ 16, ఎరుపు 18. పెద్దవారికి సాధారణంగా 12 నుంచి 16 సరిపోతాయి. పక్కనుంచి కారుతోందని ఒక్కో నెల ఒక్కో సైజు పెంచుకుంటూ 22 దాకా తీసుకువెళ్లిన ఇళ్లకు నేను వెళ్లాను. పెద్ద పైపు నాళాన్ని ఒరుసుకుంటుంది, మూత్రాశయాన్ని మరింత రెచ్చగొడుతుంది, కారడం ఎక్కువవుతుంది. పక్కనుంచి కారితే మొదట చూడవలసినవి మూడు: పైపు మడతపడిందా, లోపల పూడిందా, మలబద్ధకం ఉందా. మూడవదాన్ని ఎవరూ పట్టించుకోరు కానీ, గట్టిపడిన మలం పక్కనున్న మూత్రాశయాన్ని నొక్కి పైపు దారిని కూడా నొక్కుతుంది. ఈ మూడూ కాకపోతే మూత్రాశయం పట్టేస్తోందని అర్థం, దానికి మందులు ఉన్నాయి.

లేటెక్స్ పైపు, పూత ఉన్న రకాన్ని బట్టి, రెండు నుంచి నాలుగు వారాలు ఉండగలదు. పూర్తిగా సిలికాన్‌తో చేసినది 12 వారాల వరకు. సిలికాన్ ధర ఎక్కువ, కానీ మార్చే మనిషికి ఇచ్చే డబ్బు, రానుపోను ఖర్చు, రోగి పడే బాధ లెక్క వేస్తే చాలా ఇళ్లలో అదే చవక. "నెలకొకసారి" అన్న మాట అందరికీ వర్తించే శాస్త్రం కాదు. కొందరికి మూడు వారాలకే పూడుతుంది, కొందరికి మూడు నెలలు హాయిగా నడుస్తుంది. ఎప్పుడు వేశారో, ఎప్పుడు పూడిందో క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. మూడు సార్లు గుర్తు పెడితే మీ మనిషి లెక్క మీకే తెలుస్తుంది, పూడడానికి కొన్ని రోజుల ముందే మార్పించవచ్చు.

వేసే విధానం గురించి నేను ఇక్కడ అంతా చెప్పను, అది చేత్తో నేర్వవలసిన పని. కానీ వేసేవారిని మీరు గమనించగలగాలి కనుక రెండు సంగతులు చెబుతాను. పైపులో మూత్రం కనిపించకముందే బెలూన్ నింపకూడదు. విద్యార్థినిగా ఉన్నప్పుడు తొందరలో నేనే ఆ తప్పు చేశాను. బెలూన్ మూత్రాశయంలో కాక నాళంలోనే ఉబ్బింది, ఆ మనిషి అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది, తరువాత రెండు రోజులు రక్తం పడింది. అప్పటి నుంచి నా విద్యార్థులకు మగవారిలో మూత్రం కనబడ్డాక కూడా పైపును బయటి కొన రెండుగా చీలే చోటు దాకా లోపలికి పంపి ఆ తరువాతే నింపమని చెప్పాను. రెండవది, నింపడానికి శుద్ధజలమే వాడాలి. సెలైన్ వాడితే ఉప్పు గడ్డకట్టి సన్నని దారి పూడి, తీసేటప్పుడు బెలూన్ తగ్గదు. తీసేటప్పుడు కూడా సిరంజిని బలంగా లాగకుండా దానంతట అదే నిండనివ్వాలి. తగ్గకపోతే కత్తెరతో పైపు కోయడం, గుంజడం చేయవద్దు, ఆసుపత్రికి తీసుకువెళ్లండి. సున్తీ కాని మగవారికి పైపు వేసేందుకు వెనక్కి జరిపిన చర్మాన్ని మళ్లీ ముందుకు తేవాలి, మరిచిపోతే వాచి బిగుసుకుంటుంది.

ఇంట్లో చూసుకోవడం చాలావరకు సామాన్యమైన శుభ్రత. రోజూ స్నానంతోపాటు సబ్బునీళ్లతో కడిగితే చాలు, మందు నీళ్లు, డెటాల్ అక్కర లేదు. పైపును తొడకు అతికించి ఉంచితే కదిలినప్పుడల్లా లాగదు. సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటే కింద ఉండాలి, నేలకు తగలకూడదు, మూడింట రెండు వంతులు నిండకముందే ఖాళీ చేయాలి. పైపుకూ సంచికీ మధ్య అతుకును ఊరికే విప్పకూడదు, క్రిములకు అదే ప్రధాన ద్వారం. మంచి వేసవిలో, మంచిర్యాలలో రామగుండంలో ఎండ 45 డిగ్రీలకు చేరే రోజులలో, నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి పైపు త్వరగా పూడుతుంది. గుండె, మూత్రపిండాల జబ్బు వల్ల డాక్టరు నీళ్లు తగ్గించమనకపోతే రోజుకు రెండు లీటర్లకు తగ్గకుండా ఇవ్వండి. కుండ నీళ్లు, మజ్జిగ, జొన్న అంబలి అన్నీ లెక్కలోకి వస్తాయి.

ఇప్పుడు మందుల గురించి. లోపల పైపు ఉన్నప్పుడు మూత్రంలో రోజురోజుకూ క్రిములు చేరుతూ, నెల తిరిగేసరికి దాదాపు అందరిలో ఉంటాయి. కనుక జ్వరం లేకుండా, బాధ లేకుండా మూత్రం పరీక్ష చేయిస్తే క్రిములు కనిపించడం వింత కాదు. ఆ రిపోర్టు చూసి యాంటీబయాటిక్ మొదలుపెడితే మామూలు క్రిమి పోయి మొండి క్రిమి మిగులుతుంది, నిజంగా అవసరమైన రోజున ఏ మందూ పనిచేయదు. వాసన వచ్చినా, కొంచెం మసకగా కనిపించినా నీళ్లు పెంచి చూడండి. చలి పుట్టి జ్వరం రావడం, నడుము పక్కన నొప్పి, ఉన్నట్టుండి పెద్దవారు పొంతన లేకుండా మాట్లాడడం, ఇవి వస్తే ఆలస్యం చేయవద్దు. అప్పుడు పాత పైపు మార్చి, కొత్త పైపు నుంచి తీసిన మూత్రాన్నే పరీక్షకు పంపాలి. సంచిలోంచి వంచి ఇచ్చిన నమూనా దేనికీ పనికిరాదు.

పైపు మాటిమాటికీ ఇసుక వంటి పదార్థంతో పూడుతుంటే దాని వెనుక సాధారణంగా ప్రోటియస్ అనే క్రిమి ఉంటుంది. అది మూత్రంలోని యూరియాను విరిచి అమ్మోనియా చేస్తుంది, మూత్రం క్షారగుణానికి మారి లవణాలు స్ఫటికాలై పైపు కొనను రాయిలా కప్పుతాయి. అలాంటివారిలో మూత్రాశయంలో రాయి ఉందేమో చూడాలి. సంచి ఊదారంగులోకి మారిందని ఒక తల్లి చేతబడి అనుకుని నిమ్మకాయలు తిప్పి వచ్చింది. మలబద్ధకం ఉన్నవారిలో కొన్ని క్రిములు ఆహారంలోని ఒక పదార్థాన్ని నీలి, ఎరుపు రంగులుగా మారుస్తాయి, అవి కలిసి సంచి ప్లాస్టిక్‌కు పడతాయి. ఆ నీలి రంగుకు నీలిమందు పేరే, ఇండిగో అని, ఉంది. చూడడానికి భయంకరమే, చాలావరకు ప్రమాదం లేదు. మలబద్ధకం తగ్గించి, పైపూ సంచీ మార్చాము.

వెన్ను పైభాగంలో, అంటే ఛాతీ దగ్గరి ఆరవ వెన్నుపూస స్థాయిలో గానీ అంతకుపైన గానీ దెబ్బతిన్నవారి ఇంటివాళ్లు ఈ ఒక్క సంగతి మరిచిపోవద్దు. పైపు పూడి మూత్రాశయం నిండితే వారికి కింద నొప్పి తెలియదు. దానికి బదులు తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడి చెమట, రక్తపోటు ప్రమాదకరంగా పెరగడం జరుగుతాయి. పక్షవాతం కూడా రావచ్చు. వెంటనే కూర్చోబెట్టండి, బిగుతు బట్టలు వదులు చేయండి, పైపు మడతలు సరిచేయండి, మూత్రం దిగకపోతే మార్పించాలి. ఇది గంటలు ఆగే వ్యవహారం కాదు, 108కు ఫోన్ చేయండి.

ఏళ్ల తరబడి పైపు ఉండవలసినవారికి మూత్రనాళం గుండా కాక పొత్తికడుపులో చిన్న రంధ్రం చేసి అక్కడి నుంచి పైపు వేసే మార్గం ఉంది. నాళం ఒరుసుకుపోదు, చక్రాల కుర్చీలో కూర్చుంటే నలగదు, మార్చడం సులువు. భార్యాభర్తల సంబంధానికి కూడా అడ్డు తక్కువ. ఈ చివరి మాట ఆసుపత్రిలో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు కనుక నేను చెబుతున్నాను. పెళ్లయి రెండేళ్లకే మంచాన పడిన కుర్రవాడికి ఇది చిన్న విషయం కాదు. క్రిముల బెడద మాత్రం ఈ మార్గంలోనూ తప్పదు, మొదటిసారి వేయడానికి ఆసుపత్రి కావాలి.

ఒక చేదు విషయం కూడా చెప్పాలి. కేవలం పక్క తడుస్తోందని, మార్చేవారికి విసుగుగా ఉందని పైపు వేయించడం వైద్యంగా సరైనది కాదు. మూత్రం పూర్తిగా దిగిపోతూ, ఆపుకోలేక మాత్రమే పోతున్న మగవారికి పైనుంచి తొడిగే కండోమ్ పైపు ఉంది, వేళకు కూర్చోబెట్టే అలవాటు ఉంది, డైపర్లు ఉన్నాయి. అయితే రాత్రికి మూడుసార్లు దుప్పట్లు మార్చి, పొద్దున్నే వాటిని ఉతికి, ఆపై పొలానికి పోయే కోడలి ముందు నిలబడి ఈ మాట చెప్పడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. ఆమె విసుగు తప్పు కాదు. ఆ పనిలో పాలుపంచుకోని ఇంటి మగవారితో మాట్లాడకుండా పైపు వద్దని ఆమెకు మాత్రమే చెప్పడం తప్పు. పుండ్లు పడి మూత్రం తగిలి మానకపోతే, చివరి రోజులలో మనిషికి అదే సుఖమనిపిస్తే, పైపు వేయవచ్చు. కారణం తెలిసి వేయండి, ఆ కారణం పోయిన రోజున తీయండి.

చీటీ మీద ఒక ప్రశ్న వచ్చింది, చదువుతాను. "మా అమ్మకు పైపు ఉంది. మేడారం జాతరకు తీసుకుపొమ్మని ఏడుస్తోంది. తీసుకుపోవచ్చా?" తీసుకుపోవచ్చు. తొడకు కట్టుకునే చిన్న సంచి దొరుకుతుంది, చీర కింద కనిపించదు. అది త్వరగా నిండుతుంది కనుక రెండు మూడు గంటలకు ఒకసారి ఖాళీ చేయండి. రాత్రి పడుకునేటప్పుడు దాని కిందికే పెద్ద సంచి తగిలించండి, పై అతుకు విప్పవద్దు. బయలుదేరే ముందు క్యాలెండర్ చూడండి, పైపు మార్చే తేదీ జాతర రోజులలో పడుతుంటే ముందే మార్పించండి. మరొక కొత్త పైపు, సిరంజి, శుద్ధజలం సంచిలో పెట్టుకోండి, అక్కడి వైద్య శిబిరంలో అవసరమైతే వేస్తారు. దారిలో జనం ఒత్తిడికి పైపు లాగకుండా రెండుచోట్ల అతికించండి. నీళ్లు తాగించడం ఆపవద్దు. జంపన్నవాగులో మునగనివ్వవద్దు, దోసిలితో నీళ్లు తీసి తల మీద చల్లండి. గద్దెల దగ్గరి తొక్కిసలాటలోకి ఆమెను తీసుకుపోకుండా, బంగారం, అంటే మొక్కిన బెల్లం, మీరే మోసుకుపోయి ఇవ్వండి.

ఇక్కడ బల్ల మీద లేటెక్స్ పైపు ఒకటి, సిలికాన్ పైపు ఒకటి, తొడ సంచి ఒకటి పెట్టాను. బెలూన్‌ను నీళ్లతో నింపి, తగ్గించి చూపిస్తాను. ముందు వరుసవాళ్లు రండి, ముట్టుకుని చూడండి.